ఓడోడి పాట, రెండో పక్క

ఇది మొదలు కాదు. కూర్మన్నపాలెంలో బస్సు కదులుతూనే సింహాద్రి ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ కుక్కుకుని ఫోను మీద వేలు నొక్కాడు, మొదటి చప్పుడు వినీ వినగానే మొహం చిట్లించాడు. ఎక్కడో అడుగున, వేకువన హార్బరులో ఐసు ఫ్యాక్టరీ హోరులాంటిదొకటి సాగుతోంది, దాని మీద సన్నటి బూర ఒక్కటే నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటోంది. ఇది రెండో పక్క. ఇరవై రెండేళ్ళు విన్న మనిషికి పాటలో ఏది ముందో ఏది వెనకో ఒకరు చెప్పాలా? పాట తుపానుతో మొదలవుతుంది. తుపాను, మునక, నిశ్శబ్దం, దగ్గు. అప్పుడు టేపు తీసి రెండో పక్క వెయ్యాలి. వేస్తే ఈ హోరు, ఈ బూర, పొద్దు పొడవడం, పడవలు బయల్దేరడం. అదీ వరస. కానీ కీర్తన ఒప్పుకోలేదు. దువ్వాడలో ఇంజనీరింగు చదివే కూతురు, ఆరు నెలలు వెతికి, చివరికి తండ్రి చేత కూనిరాగం తీయించి ఆ రాగాన్ని ఫోనుకే వినిపించి మరీ పాటని పట్టుకుంది. నిన్న సాయంత్రం దాన్ని అతని చేతిలో పెడుతూ, "మీరు ఇన్నేళ్ళూ తిరగేసి విన్నారు నాన్నా. ఇది ఒకటే పాట, యాభై రెండు నిమిషాలు. ముందు తెల్లారుతుంది, పడవ వెళ్తుంది, తుపానొస్తుంది, మునిగిపోతుంది. అక్కడితో ఆఖరు. రాసినాయన అలాగే రాశాడు" అంది. "రాస్తే?" అన్నాడు సింహాద్రి. కీర్తనకి నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

ఇంకో రోజైతే తనూ నవ్వేవాడేమో. ఇవాళ మటుకు ఆ వరస మీద ఒళ్ళు మండుతోంది, ఎందుకంటే పదకొండింటికి జాలరిపేట ఒడ్డున అతని బోటుని రంపంతో కోసేస్తారు. కిందటి ఆషాఢంలో ఇదే తిథిన ఆ ఫైబర్ బోటు ఒడ్డు కనపడే దూరంలో తిరగబడి అతని బావమరిది ఎల్లారావుని తీసుకుపోయింది. మనిషిని తిన్న బోటుని ఏడాది పాటు ఇసుకలో బోర్లించి ఉంచి, సంవత్సరీకం నాడు కోసెయ్యాలని వాళ్ళ వీధి కట్టుబాటు. ఆ కట్టుబాటులో ఒకే ఒక్క సందుంది. పోయినవాడి పెళ్ళాం వద్దంటే ఆపాలి. ఎల్లారావు పెళ్ళాం ఈశ్వరి ఏడాదిగా సింహాద్రితో మాట్లాడలేదు, అతనూ ఆమె గుమ్మం తొక్కలేదు. బోటు నడిపింది తను, చుక్కాని పట్టుకున్న చెయ్యి తనది, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? పెద్దకర్మ అయిన మర్నాడే సామాను సర్దుకుని దువ్వాడ దగ్గర అపార్టుమెంటులో వాచ్‌మేనుగా చేరిపోయాడు. గేటు తియ్యడం, గేటు వెయ్యడం, మోటారు వేసి ట్యాంకు నిండగానే కట్టెయ్యడం. ఒకప్పుడు మోటారంటే అతనికి వేరే అర్థం ఉండేది. బోటు కోసేస్తే ఇక ఇదే బతుకు. బోటుతో పాటు తననీ అడ్డంగా కోసి, వీడి కథ ఇక్కడితో ఆఖరు అని రాసి పారేస్తారు, అచ్చం ఆ పాటని దొర రాసినట్టే. పోనీ దొరకి తెలీక రాశాడు, వీళ్ళకేమైంది?

గాజువాకలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఒకామె కూరల బుట్ట తెచ్చి అతని కాళ్ళ మీద ఆన్చింది. ఆన్చితే ఆన్చింది. మొదటి బూరకి రెండో బూర బదులు చెబుతోంది, ఆ వెనక తీగల వాయిద్యాలు మెల్లిగా, ఆటు పోయి పోటు మొదలైనప్పుడు నీళ్ళు పాదాల్ని తడిమినట్టుగా వస్తున్నాయి, ఎంతమందో వాళ్ళు. కేసెట్టు దొరికిన కొత్తలో ఎల్లారావుతో దీని మీదే పందెం. ఒడ్డున జనం జట్టుగా అలివి వల లాగుతుంటే, తను దూరంగా ఉన్నా ఆ ఊపు విని ఎంతమంది లాగుతున్నారో చెప్పెయ్యగలడు ఎల్లారావు. పాటకీ అలాగే చెవి ఒగ్గి, "అరవై మందికి తక్కువుండరు బావా" అనేవాడు. నిన్న కీర్తన చెప్పింది, వందకి పైమాటట, ఎదురుగా ఒకాయన నిలబడి చిన్న పుల్ల ఊపుతాడట, అందరూ దాని ప్రకారమే. ఓడిపోయావురా, అనుకున్నాడు సింహాద్రి, నలభై మందిని వదిలేశావు. చెప్పడానికి మనిషి లేడు. ఏడాదిలో ఇలా ఎన్నిసార్లు, చెప్పడానికి నోరు తెరవడం, మనిషి లేడని మూసుకోవడం. కేసెట్టూ లేదు. బోటు ముందు భాగంలో అగ్గిపెట్టెతో కలిపి పాలిథీన్ కవరులో కట్టి ఉంచేవాళ్ళు, అదీ ఎల్లారావుతోనే వెళ్ళిపోయింది.

ఆ కేసెట్టు నాలుగు వంజరం చేపలకి వచ్చింది. అప్పట్లో రేవు బయట లంగరేసిన ఓడల పక్కకి వెళ్ళి కేకేస్తే పైనుంచి తాడుకి బకెట్టు దింపేవాళ్ళు, చేపలు వేస్తే నైలాను తాడో పెయింటు డబ్బావో బదులొచ్చేది. ఒకసారి బకెట్టులో సబ్బుల మధ్య ఇదొచ్చింది. పెట్టె లేదు, పైన అతికించిన కాగితం మీద ఏ దేశం అక్షరాలో, అవీ ఉప్పునీళ్ళకి సగం చెరిగిపోయాయి. "ఓడోడి పాట" అన్నాడు ఎల్లారావు, అదే పేరైపోయింది. వల చిక్కు తియ్యాలంటే ఏ కొస చేతికొస్తే ఆ కొస నుంచి తీస్తారు, నీ తల ఎటు తోక ఎటు అని వలని ఎవరూ అడగరు. కేసెట్టుకీ అంతే చేశారు. టేపు ఏ పక్కకి నిండుగా చుట్టి ఉందో అదే మొదటిదనుకున్నారు. ఓడ మీదివాడు సగం విని ఆపేసి ఉంటాడని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. వలలు బాగుచేసే పాకలో టేపురికార్డరులో వేసి మీట నొక్కితే తుపాను అమాంతం మీద పడింది, ఎల్లారావు చేతిలోంచి వల అల్లే సూది జారి ఇసుకలో పడింది. ఆ పక్కకి బోటుకి వేసిన ఎర్రరంగు చుక్క పెట్టి ఒకటి అన్నారు. రెండో పక్కకి నీలం చుక్క. పెళ్ళయ్యాక ఎల్లారావు ఇంట్లోనూ అదే వరస, మునిగి, తెల్లారి, బయల్దేరడం. ఈశ్వరి పొయ్యి దగ్గర కూర్చుని, ఈ గోల ఎప్పుడాగుతుంది అని అడిగేదట. తుపానప్పుడు అడిగేది గానీ, నీలం చుక్క పక్క వేస్తే అడిగేది కాదని ఎల్లారావే చెప్పాడు.

షీలానగర్ దగ్గర పాట ఠక్కున తెగింది. ఫోను. పెళ్ళాం రాధ, తమ్ముడి సంవత్సరీకానికని నిన్ననే వెళ్ళింది.

"ఎంతవరకూ ఒచ్చినావు?"

"షీలానగర్."

"జగ్గయ్య మావ రంపం తెచ్చీసినాడు. ఈశ్వరి ఒచ్చి బోటు కాడ కూకున్నాది, ఎవులితోటీ మాటాడతం నేదు. నువ్వొచ్చి తగువెట్టకు. నా తమ్ముడు ఎల్లిపోనాడు, బోటుంటే మాత్రం ఒత్తాడేటి?"

"కోసీత్తే ఒత్తాడేటి?"

 కాసేపు గాలి చప్పుడు, ఒడ్డున ఎవరో ఎవర్నో పిలవడం, తర్వాత రాధ ఫోను పెట్టేసింది. అనకుండా ఉండాల్సింది, తమ్ముడు పోయిన మనిషిని. కానీ అన్నాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ అంటాడు. పాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి అందుకుంది, పడవ బయల్దేరే చోటు, తోలు వాయిద్యాల మీద మోటారు పట్టుకునే ముందు రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకున్నట్టు ఉండే ఆ చోటు. ఇక్కడ ఎల్లారావు ఎప్పుడూ లేచి నిలబడేవాడు. కూర్చుని వినడం అతనికి చేతనయ్యేది కాదు. ఇత్తడి బూరలన్నీ ఒక్కసారి తలెత్తాయి, చెవులు నిండిపోయాయి, సింహాద్రి సీట్లోంచి సగం లేచాడు, కూరల బుట్ట ఆవిడ వింతగా చూసింది, చూసుకోనీ. ఎంత బాగా రాశాడు మహానుభావుడు. పొద్దున్నే ఒడ్డు విడిచినప్పుడు నుదుటి మీద తగిలే ఆ మొదటి చల్లదనం ఈ వందమందిలో ఎవడు తాకాడో గానీ తాకాడు. వినడానికి ఇంత సుఖంగా ఉన్నదాన్ని తీసుకెళ్ళి మునకకి ముందు పెట్టడానికి చేతులెలా వచ్చాయో.

ఎన్ఏడీ ఫ్లైఓవరు మీదికి ఎక్కేసరికి ఎడమపక్క సింహాచలం కొండ, దాని నెత్తిన మబ్బు. ఈ కొండని వాచ్‌మేనయ్యాకే ఇటువైపు నుంచి చూడటం. సముద్రం మీంచైతే అది వేరే కొండ, యారాడ కొండకి ఇంత పక్కగా, దానికి ఇంత వెనకగా కనపడితే కింద రాళ్ళున్నాయని లెక్క, ఇంకాస్త జరిగితే చేప ఉన్న చోటు. బస్సులోంచి చూస్తే దర్శనానికి వెళ్ళే కొండ, అంతే. ఎటునుంచి చూసినా కొండ అదేనని కీర్తన అంటుంది. అదే, కాదన్నదెవరు, కానీ ఇటునుంచి చూసి వల వెయ్యమను. పాట పల్చబడుతోంది. తీగలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి, చివరికి ఒక తోలు వాయిద్యం మీద వేళ్ళతో రుద్దినట్టు చిన్న చప్పుడు మిగిలింది. గాలి పడిపోయి నీళ్ళు నూనెలా మారే వేళ, తుపానుకి ముందు. దీన్ని అతను ఇంతకుముందెప్పుడూ వినలేదు. రెండో పక్క చివర పాట ఇక్కడ తెగిపోయేది, మిగిలింది మొదటి పక్క మొదట్లో ఉండేది గానీ, కేసెట్టు దొరికేనాటికే అక్కడి టేపు నలిగిపోయింది. ఈ దొరకి సముద్రం తెలుసు. ఒడ్డున గొడుగు కింద కూర్చుని రాసినవాడికి ఈ చప్పుడు దొరకదు. సముద్రం తెలుసు, సముద్రం మీద బతికేవాళ్ళు తెలీదు.

తుపాను పడింది. ఈసారి రెండు చెవుల్లోంచీ పడింది. టేపురికార్డరుకి ఉన్నది ఒక్కటే స్పీకరు, అందులోంచి తుపాను గోడలా ఎదురుగా వచ్చేది, ఇప్పుడు ఎడమనుంచి లేచి నెత్తి మీంచి కుడికి విరుచుకుపడుతోంది, అతను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. కంచరపాలెం దగ్గర బస్సు ఆగిపోయింది, ట్రాఫిక్కు, అందరూ హారన్లు కొడుతున్నట్టున్నారు, అవేవీ లోపలికి రావడం లేదు. ఇక పెద్ద తోలు దెబ్బలు వస్తాయి. మూడు. మూడు దెబ్బలయ్యాక ఖాళీ, ఇక అయిపోయిందనుకునేంత ఖాళీ, అప్పుడు చెప్పాపెట్టకుండా నాలుగోది. పాకలో ఎల్లారావు ఆ ఖాళీలో వేలెత్తి, "నాలుగోది బావా" అని తొడ మీద చరిచేవాడు, ఒక్కసారీ గురి తప్పలేదు. బోటు తిరగబడిన ఆ సాయంత్రం ఒడ్డు దగ్గర అలలు లేస్తుంటే అందరూ చేసేదే తనూ చేశాడు, మోటారు తగ్గించి ఆగాడు, మూడు పెద్ద అలలు దాటనిచ్చాడు, తెరిపి వచ్చింది, మోటారు పెంచాడు. ముందు కూర్చున్న ఎల్లారావు వెనక్కి తిరిగాడు. అరవలేదు. పాకలో అన్నట్టే, వేలెత్తి మరీ, "నాలుగోది బావా" అన్నాడు. ఇరవై రెండేళ్ళు చెవిలో మోగిన దెబ్బ. వెయ్యిసార్లు విన్నాడు, చూడాల్సినప్పుడు చూడలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, రాధకీ, కీర్తనకీ, ఈశ్వరికి అసలే. అందరూ బోటుని తిడుతుంటే తల దించుకుని ఊరుకున్నాడు. ఎంత హాయిగా ఊరుకున్నాడు. తప్పంతా బోటు నెత్తిన వేసి, దువ్వాడ వెళ్ళి, నీడపట్టున కుర్చీ వేసుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు. ఖాళీ. సింహాద్రి వేలు దానంతటదే లేచింది. నాలుగోది.

ఆ దెబ్బ కింద, కుడి చెవిలో మాత్రం, ఏదో సన్నగా ఉంది. అతను ఊపిరి బిగబట్టాడు. మొదట్లో ఒళ్ళు విరుచుకున్న బూర, అదే రాగం, ఇంత రాద్ధాంతం మధ్య ఎవరూ విననక్కర్లేదన్నట్టు తన పని తాను చేసుకుంటోంది. తుపానంతా అది ఉంది. స్పీకరు ఒక్కటే కావడంతో ఇన్నేళ్ళూ వినపడలేదు. ఎల్లారావు వింటే ఏమనేవాడు? "సూసినావా, అక్కడ ఒకడు సావకుండా వాయించేత్తన్నాడు" అనేవాడు. ఆ వాయించేవాణ్ణి సింహాద్రి ఎన్నడూ చూడలేదు, ఏ దేశం వాడో, ఇప్పుడు ఉన్నాడో లేడో, వాడికి దండం పెట్టాలనిపించింది. వందమంది నెత్తి మీద కూలుతుంటే చిటికెనవేలంత బూర పట్టుకుని ఆపకుండా ఊదాడు. ఆ రాగాన్ని వాడు ఇక్కడిదాకా ఊదుకుంటూ వస్తే, దొర దాన్నీ ముంచేశాడు. ఇదిగో, ఇక్కడ. మంద్ర స్వరాలు ఒక్కొక్కటీ కిందికి దిగిపోయాయి, బూర ఆగింది, ఏమీ లేదు.

కాన్వెంటు జంక్షన్ దాటుతున్నారు, పోర్టు గోడ మీదా, చెట్ల ఆకుల మీదా నల్లటి బొగ్గుధూళి. చెవుల్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, ఎక్కడో హాలులో కూర్చున్న ఒక మనిషి దగ్గాడు. అదే దగ్గు. రెండు ముక్కలుగా, రెండోదాన్ని చేత్తో నొక్కేసుకున్న దగ్గు. ఎల్లారావు ఏడిపించేవాడు, "ఎవులైనా ఆయనకి మందియ్యండర్రా" అని. ఇంట్లో ఈశ్వరి ముందు కూడా అలాగే దగ్గి చూపించేవాడట. కేసెట్టు ఈ దగ్గు కాగానే టక్కుమని ఆగిపోయేది, లేచి రెండో పక్క వేసేవాళ్ళు. ఫోను ఆగలేదు. ఒకరు, పదిమంది, హాలుకి హాలు, చప్పట్లు. వర్షంలా చప్పట్లు, ఈలలు కూడా. సింహాద్రి నిటారుగా కూర్చున్నాడు. దేనికర్రా ఇవి? మనిషి మునిగినందుకా? మునకతో ఆపేసి, శాలువాలు కప్పుకుని ఇంటికి పోదామనా? మీరు పోగలరు, మీకు తెల్లారితే సముద్రం మీద పనుండదు. మాకు మనిషి పోయిన పదో రోజు వేటకి వెళ్ళకపోతే పదకొండో రోజు పొయ్యి వెలగదు. మునకతో పాట ఆపే వీలు ఒడ్డునున్నవాళ్ళకే ఉంటుంది. తప్పు టేపుది కాదు, చుక్కలు పెట్టినవాళ్ళదీ కాదు. అతను బొటనవేలితో ఫోనులో పాట నడిచే గీత మీది చుక్కని పట్టుకుని చప్పట్ల మీంచి, నిశ్శబ్దం మీంచి, తుపాను మీంచి కొసదాకా వెనక్కి లాగి వదిలాడు. ఐసు ఫ్యాక్టరీ హోరు మొదలైంది. అంతే. ఇప్పుడు సరిపోయింది.

జగదాంబలో దిగి ఆటో కోసం ఆగకుండా దిగువకి నడిచాడు, ఏడాదిగా నడవని నడక. ఒడ్డున ఇరవైమంది దాకా ఉన్నారు. మధ్యలో బోటు బోర్లా పడి ఉంది, ఎర్రరంగు ఎండకి వెలిసింది. దానికి ఆనుకుని ఈశ్వరి. జగ్గయ్య, వీధికి పెద్ద, రంపం ఇసుకలో గుచ్చి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తన తండ్రి పడవని తన చేతులతోనే కోసుకున్నాడు.

"ఒచ్చినావా. సేయించీనా మరి?"

"మావా, ఒక మాట." గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నాలుగో అల నాను సూడనేదు. ఎల్లారావు సూసినాడు, నాకు సెప్పినాడు, అప్పటికే మోటారు పెంచీసినాను. తప్పు నాది. బోటేటి సేసినాది? కొయ్యాలంటే నన్ను కొయ్యండి. బోటుని ముట్టుకుంటే ఊరుకోను."

రాధ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.  జగ్గయ్య రంపం వంక చూశాడు, ఈశ్వరి వంక చూశాడు. "ఏటమ్మా," అన్నాడు, "ఇన్నావు గదా. నీ మాటే."

ఈశ్వరి లేచింది. చీరకంటిన ఇసుక దులుపుకోకుండా నేరుగా సింహాద్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాడు, కొడితే పడదామనుకున్నాడు. ఆమె చూపు అతని మెడ మీద వేలాడుతున్న తీగ మీద ఆగింది.

"సెవిలో ఏటన్నయ్యా?"

"ఓడోడి పాట."

ఆమె చెయ్యి చాచి ఒక ఇయర్‌ఫోను అతని చెవిలోంచి తీసి తన చెవిలో పెట్టుకుంది. తీగ పొట్టిది, ఇద్దరూ దగ్గరగా నిలబడాల్సి వచ్చింది. బూర పాడుతోంది. ఈశ్వరి చాలాసేపు కళ్ళు మూసుకుని వింది. దేనికోసమో ఆమె ఎదురు చూస్తోందని అతనికి అర్థమైంది.

"దగ్గేదన్నయ్యా?"

"దగ్గు బస్సులోనే అయిపోనాదమ్మా. ఇది రెండో పక్క."

ఈశ్వరి కళ్ళు తెరిచింది.  వంగి బోటు అంచు కిందికి ఇసుకలో రెండు చేతులూ దోపింది, తీగ లాగడంతో సింహాద్రి కూడా ఆమెతో పాటు వంగాడు. అంచు దొరికింది, ఎండకి కాలుతోంది, వదల్లేదు. ఇద్దరి బలానికి బోటు లేవలేదు. జగ్గయ్య కాసేపు చూసి, రంపం పక్కన పడేసి, అటువైపు నుంచి వచ్చి చెయ్యి వేశాడు.